పెంట ఎత్తే రోజు

నవంబర్ 3, ఆదివారం

పేపర్లో ఉషారాణి ఫోటో. వెనక కోళ్లఫారం షెడ్లు. ‘దుర్వాసనపై టీచరమ్మ పోరాటం’ అని హెడ్డింగు. టీచరమ్మ అట! ఇంట్లో పదిమంది పిల్లలకి ట్యూషన్ చెప్తుంది, అంతే.

మొదటి అర్జీ రాసింది నేను. పంచాయతీ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది నేను. ఆ ఫారం మా పెరటిగోడ అవతలే ఉంది, ఆవిడ ఇల్లేమో రెండు వీధుల దూరం. మా పాప హరిచందనకి ఎనిమిదేళ్లకే ఇన్‌హేలర్. ఆవిడకేముంది? మంచి చీరలూ, గడగడా మాట్లాడే నోరూ.

కుళ్లుకుంటున్నాను. రాసుకోడానికి సిగ్గెందుకు, ఎవరు చూస్తారు.

నవంబర్ 5, మంగళవారం

హరి ట్యూషన్ నుంచి వచ్చింది. ఉషా మిస్ ఇలా అంది, ఉషా మిస్ అలా అంది. అన్నం తిన్నంతసేపూ అదే గోల. మొట్టికాయ వేశాను.

నవంబర్ 7, గురువారం

పొద్దున్న హెలెన్ వచ్చింది, జాకెట్టు కుట్టించుకోడానికి. వాళ్లాయన సామ్యేలు గారు ఫారంలో సూపర్‌వైజర్. వచ్చే గురువారం షెడ్ల కింద పెంట ఎత్తుతారంటండి, చేపల చెరువులకి లారీలొస్తాయంట, బట్టలు బయట ఆరేయకండి అమ్మణ్ణి గారూ అని చెప్పి వెళ్లింది. మంచి మనిషి. మూడు నెలల పెంట అది. కదిపితే కళ్లు మండిపోతాయి. మిగతా రోజుల్లో సున్నం చల్లి ఎలాగో కప్పేస్తారు.

మధ్యాహ్నం ఉషారాణి. తనూ జాకెట్టు గుడ్డతోనే. పొల్యూషన్ ఆఫీసర్లు వస్తారట, ఏ రోజు రమ్మంటారని ఫోన్ చేసి ఈవిడనే అడిగారట. ఈవిడనే! గోడ పక్కన ఉండేదానివి నువ్వు, కంపు ఎప్పుడు ఎక్కువో నీకే తెలుస్తుంది అమ్మణ్ణక్కా, నువ్వే చెప్పు అంది.

సోమవారం అన్నాను.

అంత సులువుగా వచ్చేసింది నోట్లోంచి. ఆఫీసర్ల ముందు ఆ నోరు ఎలా మూతపడుతుందో చూడాలనిపించింది.

నవంబర్ 9, శనివారం

ఉషారాణి జాకెట్టు అయిపోయింది. పైపింగ్ అదిరింది. నా ఖర్మ.

నవంబర్ 11, సోమవారం

ఆఫీసర్లు వచ్చారు. గాలి కొలిచే మీటరు పెట్టారు. షెడ్ల చుట్టూ తెల్లగా సున్నం. గాలి కూడా గోదావరి వైపు నుంచి చల్లగా కొట్టింది. పెద్ద వాసనేం లేదు కదమ్మా అన్నారు, రాసుకున్నారు, వెళ్లారు. కొత్త జాకెట్టులో ఉషారాణి మొహం ఇంతైపోయింది. నాకు కడుపు నిండింది.

ఒక్క పూట. సాయంత్రానికి వీధంతా ఆవిడ గుమ్మంలోనే. పోన్లెండి, మా కోసం అంత తిరిగారు అని ఓదార్పులు. ఓడిపోయినా ఆవిడే గొప్ప.

నవంబర్ 14, గురువారం, సాయంత్రం ఆరు

రాజమండ్రి, పిల్లల ఆస్పత్రి. మందుల చీటీ వెనక రాస్తున్నాను.

పొద్దుట్నుంచీ లారీలు. తలుపులు మూశాను, గుమ్మం కింద తడిగుడ్డలు కుక్కాను. అయినా వచ్చేసింది లోపలికి. హరికి డొక్కలు ఎగిరిపడ్డాయి. ఇన్‌హేలర్ పనిచెయ్యలేదు. పెదాలు నీలంగా అయిపోతున్నాయి. మా ఆయన డ్యూటీకి యానాం వెళ్లారు, ఫోన్ ఎత్తరు. ఉషారాణికి చేశాను. ఇంకెవరికి చెయ్యను?

రెండు నిమిషాల్లో కారు తెచ్చింది. కొవ్వూరు బ్రిడ్జి పొడుగునా హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు.

ఆక్సిజన్ పెట్టారు. మళ్లీ ఆఫీసర్లకి రాద్దాం అక్కా అంది ఉషారాణి. రోజు ఈసారి కూడా నువ్వే చెప్పాలి, నేను ఇంకెవర్నీ నమ్మను అంది.

పెంట ఎత్తేది గురువారం అని నాకు ముందే తెలుసు అని చెప్పాల్సింది. చెప్పలేదు. హరి చెయ్యి ఆవిడ చేతిలో ఉంది. నా బిడ్డకి ఊపిరాడనప్పుడు కూడా నేను చూసింది ఆ చెయ్యే.

నవంబర్ 15, శుక్రవారం

హరి కళ్లు తెరిచింది. ఉషా మిస్ ఏదమ్మా అంది.

వెళ్లిపోయిందన్నాను.

తలుపు అవతల బెంచీ మీదే ఉంది.