దమ్మున్న మనిషి

గోదావరిఖని,
డిసెంబరు 2006

ప్రియమైన ఆకాశ్‌కు అమ్మ దీవెనలు.

ప్రభువు కృపవల్ల ఇక్కడ అందరం కుశలమే. అది ఎంతవరకు నిజమో చివరిదాకా చదివి నువ్వే తేల్చుకో. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని అనుకోకు. ఫోన్ చేస్తే మీ నాన్న పక్కనే నిలబడి చెవి ఇటే వేస్తాడు.

శాలిని ఎలా ఉందని అడిగావు. చలి మొదలయ్యాక మీ చెల్లెలికి మళ్లీ ముక్కు బిగుసుకుపోతోంది, ఆయాసమూ వస్తోంది. డాక్టరు చెప్పినవన్నీ చేస్తున్నాను. చీపురు మానేసి తడిబట్టతో తుడుస్తున్నాను. దుప్పట్లు వేడినీళ్లలో ఉతుకుతున్నాను. దోమల బత్తి ముట్టించడం లేదు. బొగ్గు దుమ్ము పట్టిన నాన్న డ్యూటీ బట్టలు గడప దాటి లోపలికి రావు. క్రిస్మస్ వస్తున్నా ఇంటికి సున్నం వేయించలేదు. పాస్టరమ్మ మన గోడలవైపు ఎలా చూసిందో నువ్వు చూడాల్సింది. చూస్తే చూసింది, పిల్ల ఊపిరి కంటే గోడలు ఎక్కువా?

ఇంత చేసినా, ఆయాసం వచ్చినప్పుడు పీల్చే నీలం పంపు ఊరికే ఖాళీ అవుతోంది. "నేను ఎక్కువ కొట్టుకుంటలేనమ్మా" అంటుంది పిల్ల. నా బుద్ధి నీకు తెలుసు, ఉప్పు డబ్బా పక్కకు జరిగినా ఎవరు జరిపారని అడిగేదాన్ని. మొదట మందుల షాపువాణ్ణి అనుమానించాను, సగం వాడింది అంటగట్టాడేమోనని. తర్వాత బడిలో పిల్లలు దానితో ఆడుకుంటున్నారేమోనని శాలిని సంచి వెతికాను. ఒకరోజు పంపు మూతి దగ్గర ముక్కు పెడితే తంబాకు వాసన! ఇంకేముంది, దొంగ దొరికిందనుకున్నాను. పక్క క్వార్టరు సారవ్వ దవడలో తంబాకు లేని పూట లేదు. పైగా ఇప్పటికీ బొగ్గుల పొయ్యి రాజేసి ఆ పొగలో దగ్గుతూనే ఉంటుంది.

వెళ్లి అడిగేశాను. ఆమె అన్నం కుండ వదిలేసి లేచింది.

"ఏందే సుగుణమణీ, పిల్ల మందు నేనెందుకు గుంజుకుంట? నాకు దగ్గొస్తె లైనంత ఇనబడేటట్టు దగ్గుత. తంబాకు నమిలేది నేనొక్కదాన్నేనా? బొగ్గు బాయిల బీడీ తాగనియ్యరని మీ మొగోళ్లు నమలరా? ముందుగాల నీ ఇంట్ల జూస్కో!"

సిగ్గుపడి వచ్చేశాను గాని ఆ మాట నన్ను వదల్లేదు. మర్నాడు నాన్న మొదటి షిఫ్టుకు బయలుదేరుతుంటే, ఆరేసిన బట్టలు తీసే నెపంతో వెనకే పెరట్లోకి వెళ్లాను. స్నానాల గది చాటున గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నోట్లో శాలిని పంపు.

"ఏందిది?" అన్నాను.

"మెల్లగనవే. నాకు దమ్మున్నది," అన్నాడు.

ఇన్నాళ్లూ మీసం తిప్పి అందరికీ చెప్పుకున్న మాట అది. ఇప్పుడు రోగం పేరుగా గోడకు చెప్పుకుంటున్నాడు. దవాఖానకు పోదామంటే చెయ్యి విదిలించుకున్నాడు.

"కంపెనీ దవాఖానల తెలిస్తె అన్‌ఫిట్ జేస్తరు. నన్ను అన్‌ఫిట్ జేస్తె నౌకరి ఆకాశ్‌కు వస్తది. పోరడు సదువిడిచిపెట్టి ఉరికొస్తడు. నా దమ్ము వానిక్కూడ ఎందుకు?"

లేని రోగం తెచ్చుకుని, కొడుక్కి నౌకరి ఇప్పించాలని తిరిగేవాళ్లను ఈ కాలనీలో చూశాం. ఉన్న రోగం దాచుకునే మనిషిని ఇప్పుడే చూశాను.

ఇక నీ సంగతి. కొన్నాళ్లుగా నువ్వు ఫోన్ చేస్తే చెల్లెలి ఆయాసం గురించి ఒక ముక్క, నాన్న దగ్గు గురించి నాలుగు ముక్కలు ఉంటున్నాయి. బుచ్చన్న కాక అన్‌ఫిట్ అయ్యాడా, ఆయన కొడుకును నౌకరిలోకి తీసుకున్నారా అని కూడా అడిగావు. కన్నకొడుకునే అనుమానిస్తావా అంటే, అవును, అనుమానిస్తున్నాను.

నిన్ను అనే ముందు నా మాటా చెప్పాలి. గోడ దగ్గర ఆయన్ను చూసినప్పుడు నాకు మొదట కలిగింది భయం కాదు. 'అయితే ఆకాశ్‌కు నౌకరి ఖాయం' అనుకున్నాను. కట్టుకున్న మనిషి గాలికి కొట్టుకుంటుంటే నాకు తట్టింది అది. తలుచుకుంటే అన్నం సహించడం లేదు బిడ్డా.

నిన్న బతిమాలి, శాలినిని చూసే డాక్టరు దగ్గరికే తీసుకెళ్లాను. పిల్ల పంపు వాడుకున్నందుకు ఆయన కోప్పడి నాన్నకు వేరే మందులు రాశాడు. దుమ్ములో పని మానకపోతే మందులు ఎంతో కాలం ఆదుకోవన్నాడు. కంపెనీ దవాఖానలో చూపించుకోమని నేను కాళ్లావేళ్లా పడితే నాన్న ఒక్కటే షరతు పెట్టాడు. "వాడు బాయిల దిగనని రాసియ్యాలె. అప్పుడు వస్త."

కాబట్టి నౌకరి నీకు కావాలో, నాన్న కావాలో నీ చేత్తో రాసి పంపు. జల్ది రాయి. ఈసారి మాత్రం నాన్న దగ్గు ఎలా ఉందని అడగకు. నాన్న ఎలా ఉన్నాడని అడుగు.

ఇట్లు,
నిన్ను నమ్మాలని చూస్తున్న
అమ్మ