నా రాతికన్నా ముందు ఆ మూడు పేర్లు

నేడు యుద్ధమృతుల సంస్మరణ దినం. వేల్స్‌లోని మా లాన్వెన్ ఊరివారు చర్చి ముంగిట స్మారకశిల చుట్టూ తలలు వంచి నిలిచిన ఈ ఉదయాన, ఆ శిలపై చోటు దొరకని ముగ్గురు స్త్రీల నిమిత్తం ఈ వీలునామా రాస్తున్నాను. నేను మార్గెడ్ బెవన్‌ను. జీవితమంతా బడిలో లేఖనాలూ ప్రాచీన ఛందస్సూ బోధించినదానిని. దేహం సడలింది, బుద్ధి సడలలేదు. ఇందులో ఎవరి ప్రేరణా లేదు.

1. ఈ వీలునామాను అమలు జరపవలసినది నా పెంపుడు కూతురు నెస్టా. మొదటి ప్రపంచయుద్ధకాలంలో దీని తల్లి కైన్వెన్, నేను కలిసి ఫిరంగిగుండ్లలో మందు కూరాము. ఆ మందుకు మా ఒళ్ళు పసుపెక్కేది. నెస్టా కూడా పసుపుపచ్చగానే పుట్టింది. మంత్రసాని "పిల్లను కన్నావా, పిట్టను కన్నావా?" అంటే, కైన్వెన్ "ఏదైతేనేం, గొంతు విను" అంది.

2. నా ఇల్లు, పుస్తకాలు, దారపు కండె నెస్టావి. నిప్పురవ్వ పుడుతుందని ఫ్యాక్టరీలోకి లోహం రానిచ్చేవారు కారు. వేలినుంచి ఊడని పెళ్ళి ఉంగరాన్ని దారం చుట్టి కప్పేవాళ్ళం. కైన్వెన్ ఉంగరానికి రోజూ నేనే చుట్టేదాన్ని. "గట్టిగా చుట్టవే, ఆయన ఫ్రాన్సు నుంచి వచ్చి అడిగితే చూపించాలి" అనేది. ఆయన రాలేదు. ఆ కండెలో మిగిలింది ఆ దారమే.

3. మందు షెడ్డు పేలి కైన్వెన్ రోడెరిక్, హన్నా మోస్టిన్, బ్రొన్వెన్ ఎల్లిస్ ఒకేరోజు మరణించారు. నెస్టా తండ్రి పేరు శిలపై ఉంది, తల్లి పేరు లేదు. చెక్కమని అడిగితే చర్చి సంఘపెద్ద అయిన నా తమ్ముడు ఇద్రిస్ "వాళ్ళు వెళ్ళింది జీతానికక్కా, యుద్ధానికి కాదు" అన్నాడు. సైనికులూ జీతం తీసుకున్నారన్నాను. "నీతో నేను వాదించలేను" అన్నాడు. నాటినుంచీ వాదించనూ లేదు, చెక్కించనూ లేదు. నాన్న చేతికర్ర ఇద్రిస్‌కు చెందాలి. వాడి మోకాళ్ళ నొప్పి నాకు తెలుసు.

4. సమాధులకు స్థలం చాలక చర్చివారు ఏళ్ళుగా అడుగుతున్న నా పచ్చికబీడు, ఆ మూడు పేర్లు అదే శిలపై, ముందువైపున, సైనికుల పేర్లంత అక్షరాలతో చెక్కిననాడు చర్చికి దక్కుతుంది. అంతవరకు అందులో నెస్టా బాతులు తిరుగుతాయి. శిల వెనకవైపు చెక్కుతామంటే బాతులనే ఉండనివ్వండి.

5. అంతదాకా నా సమాధిరాతిపై ఒక్క అక్షరమూ చెక్కరాదు. పద్యంలో ఒక అక్షరం తప్పినా సహించని నేను, ముగ్గురి పేర్లు తప్పిన ఊళ్ళో నా పేరు సహించను. వారి పేర్లు చెక్కిన ఉలితోనే నా పేరూ చెక్కాలి.

1956 నవంబరు 11, లాన్వెన్.
(సంతకం) మార్గెడ్ బెవన్
సాక్షులు: ఎమ్లిన్ ప్రోథరో (బడి పెద్ద), డిలిస్ గెథిన్ (నర్సు).

ఇకమీదట పనికి బయలుదేరే ఆడపిల్లలారా, మీ చేతులు క్షేమంగా ఇల్లు చేరుగాక. చేరని నాడు మీ పేరు మీ ఊరి నోట నిలుచుగాక.