ప్లాట్‌ఫారం మీద ఒంటి చెప్పు

మద్రాసు,
బుధవారం

అన్నయ్యకి సుశీల నమస్కారాలు.

అమ్మ, వదిన, పిల్లలు, నువ్వు అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకండి. ఇక్కడ ఉక్క విపరీతం. హాస్టల్లో రోజూ సాంబారే. వదిన ఇచ్చిన ఆవకాయ లేకపోతే ఈపాటికి చిక్కి సగమయ్యేదాన్ని. ఆదివారాలు మాత్రం ఏడుపొస్తుంది.

నన్ను నరాల వార్డులో నర్సుగా వేశారు. అక్కడికి నెల్లూరు నుంచి ఒకాయన వచ్చారు. కాళ్ల తిమ్మిరి, షుగరు, ఒంటి నలుపు. ఒక్కోదానికి ఒక్కో డాక్టరు, ఒక్కో మందు. మా పెద్ద డాక్టరుగారు తెలుగాయనే. నెల్లూరాయన గోళ్లు చూశారు, తెల్లగా పాలిపోయి ఉన్నాయి. పొట్ట నొక్కారు, కాలేయం పెరిగింది.

"ఇవి వేరువేరు జబ్బులు కావమ్మా, అన్నీ ఒక్కటే," అన్నారు.

రక్తంలో ఉండకూడని ప్రోటీను, తుంటి ఎముకలో మచ్చ బయటపడ్డాయి. మూలుగలో కొన్ని కణాలు దారితప్పితే ఒళ్లంతా ఇలా అవుతుందట. చాలా అరుదట. పేరు పోయెమ్స్. ఇంగ్లీషులో పద్యాలని అర్థం, జబ్బుకి అదేం పేరో! ఎముకకి కరెంటు పెడుతున్నారు, అదే రేడియేషను.

వదిన ఉత్తరం మళ్లీ చదివాను. నీకు దూది మీద నడిచినట్టుంటోందని, షుగరు వచ్చిందని, ఎండకి నల్లబడ్డావని రాసింది. రోజంతా కొట్లో నీడపట్టున కూర్చునేవాడికి ఎండ ఎక్కడిది అన్నయ్యా?

అదే జబ్బని అనడం లేదు. డాక్టరుగారికి చెబితే, "ఒకసారి తీసుకురామ్మా, చూద్దాం," అన్నారు. కొట్టు వదిన తమ్ముడు చూసుకుంటాడు. వస్తూ ఆత్రేయపురం పూతరేకులు తే. నువ్వు మాత్రం ముట్టుకోకు.

నన్ను రైలెక్కించిన రోజు గుర్తుందా? కొవ్వూరు స్టేషన్లో కిటికీ పట్టుకుని రైలుతోపాటు నడిచావు. చెప్పు ఎక్కడో జారిపోయింది. మిట్టమధ్యాహ్నం కాలిపోతున్న ప్లాట్‌ఫారం మీద ఒంటి చెప్పుతో నిలబడి చెయ్యి ఊపావు. "చెల్లెలంటే వాడికెంత ప్రాణమో, కాలు కాలుతున్నా తెలీలేదు," అని అమ్మ అందరికీ చెప్పుకుంది. నేనూ హాస్టల్లో గొప్పగా చెప్పాను.

మొన్న నెల్లూరాయన వార్డులో నడుస్తుంటే ఆయన చెప్పు వెనకే ఉండిపోయింది. ఆయన అలాగే వెళ్లిపోయారు. ఆ చెప్పు చేతిలోకి తీసుకోగానే కొవ్వూరు ప్లాట్‌ఫారం గుర్తొచ్చింది.

నీకు నేనంటే ప్రాణమే, నాకు తెలుసు. కానీ నీ కాలికి తెలియాల్సింది అన్నయ్యా. భయమేస్తోంది, త్వరగా రా.

అమ్మకి ఇదేదీ చెప్పకు. ఆవిడ పాదాలకి నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకుని రా. స్టేషన్లో ఉంటాను.

మీ అందరి దీవెనలు కోరుతూ,
నీ చెల్లి
సుశీల