గడప దాటనివ్వని పిలుపు

అమ్మా, మేమంతా బాగుండాం, దిగులు పడబాక. నీ సలహా ఒకటి కావాల. ఫోన్లో అడుగుదామంటే నీ మనవరాలు యోషిత నా చెంపకు చెవి ఆనించి అంతా వింటా ఉంది. అందుకే ఈ కార్డు.

మూడేళ్ళు నిండినాయో లేదో, నిద్రపోకుండా ఉండే దారి కనిపెట్టింది. దాన్ని పడుకోబెట్టే వేళకే గదా వాళ్ళ నాన్న చేపల వేటకు బయల్దేరేది. ఆయన గడప దాటగానే పక్కలోంచి "నాన్నా!" అని పిలుస్తాది. వేటకు పోయే మనిషిని వెనకనుంచి పిలిస్తే, తిరిగొచ్చి కూర్చుని నీళ్ళు తాగి పోవాల్సిందే. మా అత్తమ్మ పట్టింపు నీకు తెలుసు. ఆయన నీళ్ళు తాగతా ఉంటే ఇది ఒళ్ళోకెక్కి, "సముద్రం ఇంకా పడుకోలేదా నాన్నా?" అంటాది. మళ్ళీ గడప దాటితే మళ్ళీ పిలుపు. నేను కసిరితే ఆయన నవ్వతాడు.

నిన్న ఒడ్డున పడవోళ్ళు కేకలేస్తా ఉండారు. ఆయన గడప దాటినాడు. పిలుపు రాలేదు. చూస్తే, పిల్ల కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. వాకిలంతా వెన్నెల. భుజాన వలతో ఆయన ఇంకా చెవొగ్గి అట్టనే నిలబడినాడు. నాకే పిలవాలనిపించింది.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? అల్లూరు బస్సులో పంపిన ఎండు నెత్తళ్ళ చేపలు అందినాయా? నాయన్ని ఎండలో తిరగొద్దని చెప్పు. అందరికీ దండాలు.

పిల్ల చేత ఈ పిలుపు మాన్పించే ఉపాయం తెలిస్తే రాయి. తొందరేం లేదులే.

నీ బిడ్డ,
వనజాక్షి