శనివారం పన్నెండింటి సైరన్

ఫైర్ చీఫ్ హాస్కెల్ గారికి,

ప్రతి శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి మోగించే టోర్నడో హెచ్చరిక టెస్టు సైరన్‌ను నాలాంటివాళ్లు బాధపడతారని ఆపేశారట. మీది మంచి మనసే. కానీ దయచేసి మళ్లీ మోగించండి.

పోయిన ఏప్రిల్‌లో టోర్నడో వచ్చింది కూడా శనివారం పన్నెండింటికే. మబ్బు పట్టిన రోజు టెస్టు ఉండదని మన ఊళ్లో పసిపిల్లలకూ తెలుసు. ఆ రోజు ఆకాశం నల్లగానే ఉంది. సైరన్ మోగగానే మా ఆయన ఆర్విల్ సూప్ చెంచా కింద పెట్టి, “లేవవే, నేలమాళిగలోకి పోదాం” అన్నాడు.

“టెస్టేలే, కూర్చో. వేడివేడిగా ఏనాడు తిని చచ్చావు గనక!” అన్నాను.

కూర్చున్నాడు. నలభై ఏళ్లలో నా మాట విన్నది ఆ ఒక్కసారే. కూలిన ఇంట్లోంచి మీవాళ్లు ప్రాణాలతో తీసింది నన్నొక్కదాన్నే. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెబుదామన్నా, నేను కనబడితే చాలు, ఇరుగుపొరుగు వాన ఊసు కూడా ఎత్తరు.

అదే స్థలంలో మళ్లీ ఇల్లు కట్టుకున్నాను. నేలమాళిగలో రెండు కుర్చీలు వేశాను. శనివారం పన్నెండయ్యేసరికి పైన బల్ల దగ్గర సూప్ వడ్డించుకుని కూర్చుంటాను. ఏ చప్పుడూ ఉండదు.

మోగించండి. ఈసారి మొదటి కూతకే లేస్తాను.

ఆర్విల్ భార్య