మొదటి వరసలో పేరు

శ్రీవారికి,

మీ ఆవిడ నమస్కారాలు. ఇంట్లో అందరం కులాసా. అత్తయ్యగారికి నా వంటకి వంకలు పెట్టేంత ఓపిక వచ్చింది, కాబట్టి ఆవిడ గురించి బెంగపెట్టుకోకండి. పాప మీ చెప్పులు వేసుకుని ఇల్లంతా తిరుగుతోంది, తీస్తే ఊరుకోదు. నడుం నొప్పి కాస్త తగ్గిందని రాశారు. అయినా డాక్టరు లేవమనేదాకా లేవకండి. ఫోన్లు రానివ్వని ఆ వార్డులో మీకు తోచదని నాకు తెలుసు.

కొత్త రౌటర్ బోర్డులు లేచి పని మొదలుపెట్టాయా అని అడిగారు. ముందు లేవలేదు. బోర్డుకి ప్రాణం పోసే ప్రోగ్రామంటారే, మీరు చేసిపెట్టిన ఆ కెర్నెల్‌నే కేబుల్‌తో మెమరీలోకి ఎక్కించారు. ఎక్కింది, మొదలవుతున్నానంది, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. వర్క్‌షాపులో తలో మాటా అన్నారు. రౌటర్లకి మూతలు బిగించుకునే నాకెందుకని ఊరుకోవచ్చు. కానీ మీరు లేనప్పుడు మీ పనిని ఎవరైనా మాటంటే నాకు ఒళ్ళు మండుతుంది. వెళ్ళి మీ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఇన్నేళ్ళుగా భోజనం దగ్గర మీరు చెప్పిందంతా ఊఁ కొడుతూ విన్నానుగా, పనికొచ్చింది. కెర్నెల్ మూటలా వెళ్ళి అక్కడ విప్పుకుంటుందని మీరే చెప్పారు. ఈ బోర్డుల్లో మెమరీ తక్కువ. విప్పుకుంటూ విప్పుకుంటూ అది తన మీదే పడుతోంది. అక్కర్లేనివి తీసేసి చిన్నగా మళ్ళీ బిల్డ్ చేసి, మెమరీలో కాస్త ఎడంగా దింపాను. స్క్రీన్ మీద వరసలు గడగడా వచ్చేశాయి. వాటినే కాగితం మీద అచ్చు తీసి మీకు పంపాను.

ఇక మీ అసలు ప్రశ్న. "నువ్వు పంపిన కాగితంలో మొదటి వరసలో కెర్నెల్ చేసినవాడిగా నా పేరుంది, తేదీ చూస్తే ఈ నెలది. ఈ నెలంతా నేను మంచం మీదే ఉన్నాను కదా?" అన్నారు. మిమ్మల్ని సంతోషపెడదామని పంపి దొరికిపోయాను. మీ కంప్యూటర్‌లో చేస్తే మీ పేరే పడుతుందని నాకు తట్టలేదు. ఓనరుగారు అప్పటికే మీ చోటికి మనిషిని వెతుకుతున్నారు. ఆ వరస చదివి, "మంచం మీంచి కూడా పని చేస్తున్నాడా? అయితే ఇంకొకర్ని పెట్టక్కర్లేదు" అన్నారు. నేను నోరు మెదపలేదు. మీ ఉద్యోగం నిలబడుతోందంటే ఎలా మెదుపుతాను?

మీ ఉత్తరం చదివాక మీకు అబద్ధం రాయలేక, నిన్న వెళ్ళి ఆయనకి కూడా ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన, "అయితే ఆ పని నువ్వే చెయ్యమ్మా" అన్నారు.

"ఆయన తిరిగొస్తేనండీ?" అన్నాను.

"వచ్చాక చూద్దాం" అన్నారు. అంతకంటే గట్టి మాట ఇవ్వలేదు. ఇప్పుడు మీ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. మీకేం మిగులుతుందోనని భయంగా ఉంది.

భయం ఒక్కటే అయితే ఇంత చుట్టు తిప్పి రాయను. ఈ పొద్దున కెర్నెల్ మళ్ళీ బిల్డ్ చేశాను, ఈసారి నా పేరుతో. బోర్డు లేచింది. మొదటి వరసలో నా పేరు కనిపించింది. మీరక్కడ అలా పడుకుని ఉన్నారని తెలిసి కూడా, నాకు చాలా సంతోషం వేసింది. ఎవరూ చూడకుండా బోర్డు ఆపి, ఆ వరస కోసమే మళ్ళీ బూట్ చేశాను.

నోరు మూసుకున్నందుకు తిట్టండి, పడతాను. ఆ సంతోషం మాత్రం తప్పని రాయకండి.

ఇట్లు,
మీ ఆవిడ