నీలి చేతులు

తమ్ముడూ, అక్క దీవెనలు. మూత్రంలో ఎరుపు బీట్‌రూట్ వల్లేనని చెప్పి ఫోన్ పెట్టేశావు. పుట్టి బుద్ధెరిగి నువ్వు బీట్‌రూట్ ముట్టింది లేదు. మూత్రాశయ క్యాన్సర్ ఎలా మొదలవుతుందో పరిశోధిస్తున్న మన మనవరాలు నిన్న సూక్ష్మదర్శినిలో ఆ కణాలు చూపించింది. రంగు వేస్తే నీలంగా, మంచులో దీపాల్లా తేలుతున్నాయి. చూస్తూ చూస్తూ ఎటో వెళ్ళిపోయాను. అద్దకం మిల్లు నుంచి నీలి చేతులతో ఇంటికొచ్చే నువ్వు కనిపించావు. నీ సంగతంతా దానికి చెప్పాను. "కణంలో రాత అలాగే ఉన్నా, ఏది చదవాలో చెప్పే గుర్తులు చెదిరిపోతాయి అమ్మమ్మా. మిల్లు రంగులు ముప్పై ఏళ్ళ తర్వాతైనా కీడు చేయొచ్చు. తాతయ్యని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళమను" అంది. ఈ కార్డు పోస్టుమాన్ చదువుతాడు, మరదలికి చెబుతాడు; అందుకే కవరు కొనలేదు. అందిన మర్నాడు పొద్దున్నే వెళ్ళు. మూత్ర పరీక్షకి మందుల షాపులో కొత్త సీసా కొను. దగ్గుమందు సీసా కడిగి పట్టుకెళ్ళకు.